చంక కింద ముడత

మార్కాపురం బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే ఫెబీ ఎవరి మాట మీదా గుడ్డ కత్తిరించేది కాదు. "ఇది తడిపినా పోగు కదలదమ్మా" అని దుకాణంవాడు ఒట్టేసి చెప్పినా సరే, ఆ గుడ్డను బకెట్లో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మళ్లీ టేపు పట్టి కొలిచాకే కత్తెర తీసేది. కొలతలు రాసుకున్నాక ఆ మనిషిని గుమ్మం దాకా పోనిచ్చి, "ఒకసారి ఇట్ల రా" అని వెనక్కి పిలిచి ఇంకోసారి కొలిచేది. మొదటిసారి ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడతారనీ, రెండోసారికి మామూలు మనుషులవుతారనీ ఆమె అనుమానం. చాలాసార్లు ఆ అనుమానమే నిజమయ్యేది.

ఆమెది తర్లుపాడు. నాయన చిన్నయ్య పలకల రాయి చీల్చే పనికి, అమ్మ మిరప చేలల్లో కూలికి పోయేవాళ్లు. ఏడో తరగతి కాగానే ఫెబీని చర్చివాళ్ల మిషను హాస్టల్లో కుట్టుపని నేర్పే క్లాసులో చేర్చారు. అక్కడి టీచరమ్మ తిట్టేది కాదు, కొట్టేది కాదు. తప్పు కత్తిరించిన పిల్ల ఏడుస్తూ నిలబడితే, "కత్తెర పడినాక ప్రార్థన చేసి లాభం ల్యా" అని మాత్రం అనేది. ఆ మాట ఫెబీ మనసులో బాగా లోతుకు దిగింది. పంతొమ్మిదో ఏట ఆటో నడిపే కరుణాకరంతో పెళ్లయి మార్కాపురం వచ్చింది. పిల్లలు కలగలేదు. అక్క కూతురు కృప సెలవులన్నీ ఈ ఇంట్లోనే గడిపి, ఈ మిషను కిందే ఆడుకుని, ఇక్కడే పెద్దదయింది.

ఫెబీ అనుమానానికి ఒక ముఖ్యమైన కారణం కూడా ఉంది. పదకొండేళ్ల కిందట రెడీమేడ్ బట్టల వ్యాపారి ఒకడు భార్యను వెంటబెట్టుకుని వచ్చి, తమ పిల్లకు గౌను కుట్టించాలన్నాడు. ఫెబీ తను గీసుకున్న కాగితపు కటింగులు చూపించింది. రకరకాల గౌన్లకు ముందు, వెనక, చెయ్యి, కాలరు విడివిడిగా గీసి, కత్తిరించి, దారంతో గుత్తులు కట్టి పెట్టుకున్నవి. "ఇంట్లో ఆడోళ్లకు చూపించి రేపు తెచ్చిస్తామమ్మా" అని వాళ్లు తీసుకుపోయారు. తెచ్చిచ్చారు కూడా. నెల తిరిగేసరికి బజారు నిండా అవే గౌన్లు వేలాడాయి. నడుము దగ్గర ఎడమపక్కన మాత్రమే కుచ్చు పెట్టడం ఫెబీ సొంత ఆలోచన. ఆ ఎడమ కుచ్చు తర్లుపాడు నుంచి కురిచేడు దాకా పిల్లలందరి నడుముల మీదా తిరిగింది. అడిగితే ఆ వ్యాపారి నవ్వి, "కుచ్చుకు పేరు రాసుంటదా తల్లీ" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె కాగితాలు రేకు పెట్టెలోకి పోయాయి. తప్పనిసరిగా ఎవరికైనా కాగితం ఇవ్వవలసి వస్తే అందులో ఒక తప్పు పెట్టి ఇచ్చేది. చూసేవాళ్లకు కనిపించని తప్పు, కుడితే మాత్రం బయటపడే తప్పు. ఈ సంగతి కరుణాకరానికి ఒక్కడికే తెలుసు.

ఇట్లాంటి మనిషి నెత్తిమీదే, పై గదిలోకి, సంధ్యారాణి అద్దెకు దిగింది.

బేస్తవారిపేట రైతు రామయ్య కూతురు. ఇరవై ఏడేళ్లు. హైదరాబాదులో బట్టల డిజైను చదివి, అక్కడి కంపెనీ ఒకదానికి ఇంటి నుంచి పనిచేస్తోంది. ఊళ్లో నెట్టు నిలవక, కరెంటు అసలు నిలవక, మార్కాపురంలో గది తీసుకుంది. దిగిన రోజున ఇద్దరు మనుషులు మంచం మోసినట్టు ఒక కంప్యూటరును మెట్లెక్కించారు. ఆ మర్నాటి నుంచి పైనించి ఒకటే రొద, పాత కూలరు తిరుగుతున్నట్టు. ఫెబీ రెండు రోజులు విని, మూడో రోజు మెట్ల దగ్గర ఆ పిల్లను నిలేసింది.

"పాపా, పైన ఏం చేస్తన్నావు?"

"బట్టలు చేస్తన్నానక్కా."

"మిషను సప్పుడు రాదే?"

"కుట్టే మిషను కాదక్కా. కంప్యూటర్లోనే. గుడ్డ ఉండదు, దారం ఉండదు. కాని చూస్తే నిజం బట్ట లాగానే ఉంటది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ముందు బొమ్మ చూసుకుని, నచ్చితే అప్పుడు కుట్టిస్తారు."

గుడ్డ లేకుండా బట్టలు. ఫెబీ ఆ పిల్ల ముఖంలోకి కాసేపు చూసి, "ఓహో" అని లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం భర్తతో, "ఆ పిల్ల ఏదో దాస్తంది" అంది. కరుణాకరం ఆటో తుడుచుకుంటూ, "నీకు దాయనోళ్లు ఎవురన్నా ఉన్నారా?" అన్నాడు.

ఏప్రిల్లో కృప పెళ్లి కుదిరింది. గిద్దలూరు సంబంధం. పెళ్లికొడుకు రైల్వేలో ఉద్యోగం. కృప ఒంగోలులో నర్సు. తెల్ల చీర కాదు, తెల్ల గౌనే కావాలని పట్టుపట్టింది. అది పిన్ని చేతి మీదుగానే రావాలంది. ఫెబీ ఎంత మురిసినా ముఖంలో కనిపించనీయకుండా, "చూద్దాంలే" అంది.

సెలవు మీద వచ్చిన కృపకు మెట్ల మీద సంధ్యారాణి ఎదురైంది. ఇద్దరిదీ ఒక ఈడు. గంట తర్వాత కృప మెట్లు దిగుతూనే, "పిన్నీ, నా గౌను నేను చూసేసినా!" అని అరిచింది.

ఫెబీ చేతిలో సూది ఆగింది. "ఎవురు కుట్టినారు?"

"కుట్టలేదు పిన్నీ. సంధ్య చూపించింది. నా ఎత్తు, నా ఒళ్లు, అన్నీ పెట్టింది. సాటిన్ గుడ్డ తళతళ మెరుస్తంది. చెయ్యెత్తితే చెయ్యెత్తుతది, తిరిగితే తిరుగుతది. అచ్చం నేనే."

ఫెబీకి ఒళ్లు మండింది. పుట్టినప్పటి నుంచి ఎత్తుకున్న పిల్ల కొలతలు ఇంకెవరో తీసుకోవడం ఒకటి, లేని గౌనును చూసి ఈ పిల్ల మురవడం ఇంకొకటి. రేపు తను కుట్టిన గౌను తొడుక్కుని ఆ బొమ్మను తలుచుకుంటే? బొమ్మకు చెమట పట్టదు. బొమ్మకు కుట్టు పిగలదు. అట్లాంటి దానితో పోటీ ఏమిటి?

ఆ మర్నాడు సంధ్యారాణే దుకాణంలోకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని చెప్పవలసిందంతా సూటిగా చెప్పింది. కంపెనీవాళ్లు కొత్త ప్రోగ్రాం ఒకటి పంపించారు. రెండరర్ అంటారు. గుడ్డ ఒంటిమీద ఎట్లా పడాలో లెక్కగట్టే ప్రోగ్రాం కూడా దాంతో జతగానే వచ్చింది. ఆ పడిన గుడ్డ మీద వెలుగు వేసి, నూలు పోగు దగ్గర్నుంచి మెరుపు దాకా ఫోటో తీసినట్టు చూపించడం దీని పని. పాతదానితో ఒక్క బొమ్మ రావడానికి నలభై నిమిషాలు పట్టేది. ఇప్పుడు కంప్యూటర్లో పెట్టిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు వల్ల రెప్ప వేసేలోపు వస్తుంది. ఇది కొనవచ్చో లేదో సంధ్య పరీక్షించి, రెండు వారాల్లో రిపోర్టు రాయాలి. అందుకు నిజంగా కుట్టబోయే బట్ట ఒకటి కావాలి. దాని కాగితపు కటింగు కంప్యూటర్లోకి ఎక్కించి బొమ్మ తీసి, కుట్టాక అసలు బట్టను పక్కన పెట్టి పోల్చాలి.

"కృప గౌను కటింగు ఇస్తారా అక్కా? పని కాంగనే తెచ్చిస్తా."

తెచ్చిస్తా. ఆ మాట ఫెబీ ఇదివరకు విన్నదే.

"ముందు నీ మిషను నిజం చెప్తదో లేదో నేను చూడాల" అంది.

అని, గౌనుకు తెచ్చిన సాటిన్‌లో అంచు ముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించింది. స్టీలు డబ్బా ఒకటి బోర్లించి, చుట్టూ జానెడు వాలేట్టు దాని నడిమధ్యన ఆ గుడ్డను వేసింది. అంచులు కిందికి వాలి మడతలు పడ్డాయి. వేలితో లెక్కపెట్టింది. ఏడు.

"ఇదే గుడ్డ, ఇదే డబ్బా, నీ దాంట్లో వెయ్యి. ఎన్ని మడతలు పడతాయో చూద్దాం."

సంధ్య ఆమె వైపు విచిత్రంగా చూసింది. ఫోనులో డబ్బాను, గుడ్డను ఫోటో తీసుకుని పైకి వెళ్లింది. అరగంటలో పిలిచింది. ఫెబీ మొదటిసారి ఆ గదిలోకి అడుగుపెట్టింది. కిటికీలకు పరదాలు, గోడకు ఏసీ, బల్ల మీద రెండు తెరలు. ఒక తెర మీద స్టీలు డబ్బా, దాని మీద తెల్లని సాటిన్. డబ్బా అంచు మీద వెలుగు గీత, గుడ్డ మడతల్లో పలచటి నీడ, అంచున పీకేసినట్టున్న పోగులు, అన్నీ ఉన్నాయి. ఫెబీ చెయ్యి చాచి ముట్టుకోబోయి ఆపుకుంది. ఆ తర్వాత మడతలు లెక్కపెట్టింది.

"పదకొండు" అంది. "నీది అబద్ధం పాపా. చానా అందంగా చెప్తంది గాని, అబద్ధం."

సంధ్యకు కోపం రాలేదు. కళ్లు మెరిశాయి. "అదే అక్కా! నాకు కావాల్సింది అదే. నేను వాళ్లు ఇచ్చిన సాటిన్ లెక్కే పెట్టినా. మన సాటిన్ బరువు వేరే గదా" అంటూ గుడ్డ ముక్క పట్టుకుని బంగారు కొట్టుకు పరుగెత్తింది, తూకం వేయించడానికి. వచ్చాక గుడ్డను సన్నటి పట్టీగా కత్తిరించి, ఫెబీ కాగితాల మీద బరువుకు పెట్టుకునే పలక బండ అంచు నుంచి వేలాడదీసి, ఎంత వంగుతుందో స్కేలుతో కొలిచింది. ఆ లెక్కలన్నీ ఎక్కించి మళ్లీ నొక్కింది. బొమ్మ రెప్పపాటులో మారింది. ఏడు మడతలు.

మెట్లు దిగుతూ ఫెబీ ఒకటి మాత్రం మనసులో గట్టిగా అనుకుంది. లెక్క తప్పయినా ఒప్పయినా ఆ యంత్రం ఒకే అందంతో చూపిస్తోంది. పదకొండు మడతల బొమ్మలో ఏ లోటూ కనిపించలేదు. డబ్బా ఎదురుగా ఉంది కాబట్టి దొరికింది. లేకపోతే?

కృప ప్రాణం తీస్తోంది. "ఇయ్యి పిన్నీ, నా గౌనే గదా" అని రోజూ ఫోను. చివరికి ఫెబీ రేకు పెట్టె తెరిచింది. గౌను కటింగును కొత్త కాగితం మీదికి దించింది. దించుతూ, చేతికి అలవాటైన పని చేసింది.

గౌనుకైనా రవికకైనా ముందు భాగంలో చంక వంపును వెనక భాగం కంటే అరంగుళం లోతుగా తీయాలి. మనిషి చేతులు ముందుకే కదులుతాయి కాబట్టి అక్కడ గుడ్డ ఎక్కువుంటే పోగుపడుతుంది. ఫెబీ ఆ అరంగుళం తీయకుండా, ముందు వెనక రెండూ ఒకే వంపుతో గీసింది. కాగితం మీద చూస్తే ఎంతో పొందికగా ఉంటుంది. దొంగిలించి కుట్టుకున్నవాడికి మాత్రం వంద గౌన్లకు వంద చంకల కిందా ముడత పడుతుంది. "దొంగిలించినోడు అనుభవించనీ" అనుకుని గుత్తి కట్టి ఇచ్చింది.

రెండు రోజుల తర్వాత సంధ్య పైకి పిలిచింది. తెర మీద కృప నిలబడి ఉంది. కృప ముఖం కాదు, నున్నటి బొమ్మ ముఖమే. కాని ఆ భుజాలు, ఆ నిలబడే తీరు పిల్లవే. ఒంటి మీద ఫెబీ గౌను. ఇంకా కుట్టని గౌను. మెడ చుట్టూ పైపింగు, వీపున గుండీల వరస, నడుము నుంచి విచ్చుకున్న పలచటి నెట్టు గుడ్డ. తన బుర్రలో మాత్రమే ఉన్నదాన్ని ఎవరో తలుపు తీసి చూసినట్టు ఫెబీకి అనిపించింది. దాని వెంటే అనుమానం కూడా లేచింది. ఇంత బాగుందంటే ఎక్కడో మోసం ఉండే ఉంటుంది.

"వెలుగు మొత్తం ఎదురుగా వేసినావు. పెళ్లి ఫోటోలోడు కూడా ఇట్లనే చేస్తాడు, ముడతలు కనపడకుండా. పక్కనించి వెయ్యి."

"ఎటు పక్కనించి అక్కా?"

"మా దుకాణంలో పొద్దున కిటికీలోనించి పడినట్టు."

సంధ్య మౌసు కదిలించింది. పాత ప్రోగ్రాం అయితే ఇంత చిన్న మార్పుకు టీ తాగి రావలసి వచ్చేది. ఇప్పుడు కిటికీ తలుపు తోసినట్టు వెలుగు పక్కకు జరిగింది. గౌను ఒంపులన్నీ లేచాయి.

"ఇప్పుడు చెయ్యి కొంచెం ముందుకు చాపించు, పూలగుత్తి పట్టుకున్నట్టు."

బొమ్మ చేతులు ముందుకు వచ్చాయి. చంకకు ముందు వైపు, రొమ్ము పక్కన, ఏటవాలుగా ఒక ముడత లేచింది. దాని కింద ఇంకొకటి, చిన్నది. పక్క వెలుగులో వాటి నీడలు గీత గీసినట్టు కనిపించాయి.

ఫెబీ కళ్లార్పకుండా చూసింది. ఎక్కడ పడాలో అక్కడే. ఎంత పొడుగు పడాలో అంతే. ఆ ముడత ఆమె ఎరిగినదే. ఇరవై ఎనిమిదేళ్లలో ఎంతమంది నేర్చుకునే పిల్లలు కుట్టిన రవికల మీదో చూసింది.

"ఇదేందక్కా, ఇక్కడ గుడ్డ పోగుపడింది?" అంది సంధ్య తెరకు దగ్గరగా వంగి.

"నాకేం తెల్సు పాపా. నీ మిషనే గదా" అని ఫెబీ కిందికి వచ్చేసింది.

ఆ రోజు ఆమె ఏ బట్టా కుట్టలేకపోయింది. మర్నాడు మెట్ల మీద కనపడినప్పుడు సంధ్య కళ్లు వాచి ఉన్నాయి. గుడ్డ లెక్కలు మార్చానంది, ఒంటి కొలతలు మార్చానంది, ఏం చేసినా ఆ ముడత పోవడం లేదంది. మూడో రోజు చెప్పింది, "తప్పు ప్రోగ్రాంలోనే ఉందక్కా. చంక దగ్గర దానికి చేతకావట్లేదని రాసి పంపినా. మా కంపెనీ సార్లు కూడా అనుమానంగానే ఉన్నారు. వద్దనుకుంటారేమో. పోనీలే, వేరేది చూసుకుంటాం."

అన్నం దగ్గర ఫెబీ కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచింది. కరుణాకరం చూశాడు.

"ఏమయింది?"

చెప్పింది. అంతా విని అతను అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు.

"ఆ గౌన్ల యాపారి నిన్ను మోసం చేసినాడు. నిజమే. మరి ఈ పిల్ల ఏం చేసింది?"

"ఇంకా ఏం చెయ్యలేదు."

"ఇంకా, అంటావా?" అన్నాడు కరుణాకరం. "నువ్వయితే చేసేసినావు గదా."

ఫెబీ లేచి చెయ్యి కడుక్కుంది. మధ్యాహ్నపు ఎండ మెట్ల మీద నిప్పులు పోస్తున్నా, చెప్పులు కూడా వేసుకోకుండా పైకి వెళ్లింది.

"పాపా, నీ మిషన్లో తప్పు ల్యా."

సంధ్య కుర్చీ తిప్పి చూసింది. "లేకపోతే ఆ ముడత యాడనించి వచ్చిందక్కా?"

"కాయితంలోనించి. నేనే పెట్టినా."

అర్థం కావడానికి ఆ పిల్లకు కొంచెంసేపు పట్టింది. ఫెబీ గౌన్ల వ్యాపారి సంగతి, పెట్టె సంగతి, అరంగుళం సంగతి నిలబడే చెప్పింది. సంధ్య ముఖం మెల్లగా ఎర్రబడింది.

"నామీద అనుమానంతోనా?"

"నీ ఒక్కదాని మీదే కాదు. అందరి మీదా."

"అందర్లో నేనూ ఉన్నా గదా అక్కా."

సంధ్య లేచి కిటికీ దగ్గరికి పోయింది. అటు తిరిగే మాట్లాడింది. "ఇప్పుడు నేను మళ్లీ రాయాల. ప్రోగ్రాంది తప్పు కాదు, నేను ఎక్కించిన కటింగే తప్పని. నాలుగేళ్లు ఇదే చదివిన దానివి, చంక వంపు చూసుకోలేదా అంటారు. నిజమే, నేను చూసుకోలేదు. మీరు గీసినారు గదా, ఇంక చూసేదేముందిలే అనుకున్నా."

ఆ చివరి మాట ఫెబీకి తిట్టుకంటే గట్టిగా తగిలింది. ఆమె కాగితాన్ని ఇన్నేళ్లలో అంత గుడ్డిగా నమ్మినవాళ్లు లేరు.

"నా పేరు రాయి" అంది. "మార్కాపురంలో ఫెబీ అనే టైలరు కావాలని తప్పు కాయితం ఇచ్చిందని రాయి. దాని తప్పును మీ ప్రోగ్రాం పట్టుకుందని కూడా రాయి. నేను చూస్తండంగానే రాయి."

సంధ్య వద్దంది. ఫెబీ కదలలేదు. చివరికి ఆ పిల్ల కూర్చుని ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించింది. సంధ్య ఇంగ్లీషులో 'పొరపాటున' అని రాసి, పైకి మాత్రం 'కావాలని' అని చదువుతోందేమోనని ఫెబీకి అనుమానం వచ్చింది. ఆ మాటను రెండుసార్లు చదివించుకుంది.

ఆ తర్వాత సంధ్య కాగితం బొమ్మను తెర మీదికి తెచ్చింది. ఫెబీ వేలు పెట్టి చూపించిన దారిన ముందు చంక వంపు అరంగుళం లోపలికి జరిగింది. గౌను ఒకసారి వణికినట్టు కదిలి, కుదురుకుంది. ముడత లేదు. పక్క వెలుగు వేశారు, పై వెలుగు వేశారు, చేతులు ముందుకు చాపించారు. లేదు.

ఫెబీకి సంతోషం కలగలేదు. ఆ అరంగుళం తెలుసుకోవడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది. ఎన్నో రవికలు పాడయ్యాయి, ఎన్నో మాటలు పడింది. ఈ కంప్యూటరు క్షణంలో చూపించింది. "ఇంక నాలాంటిదాంతో మీకేం పని?" అని అడిగింది. సంధ్య ఆలోచించి, "ముడత పడిందని అది చూపించిందక్కా. ఎందుకు పడిందో చెప్పలా. నేను మూడు రోజులు తన్నుకున్నా గదా" అంది. ఆ మాట నిజమే. అయినా ఫెబీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఇవాళ చెప్పలేదు సరే, రేపు చెబితే?

గౌను కుట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. పైభాగం బొమ్మలో ఎట్లా ఉందో అట్లాగే వచ్చింది. సాటిన్ మెరుపు కూడా పొద్దుటి కిటికీ వెలుగులో అచ్చంగా కలిసింది. సంధ్య రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫోటోలు తీసుకుంది. నెట్టు గుడ్డ దగ్గర మాత్రం యంత్రం బోల్తాపడింది. బొమ్మలో గొడుగు విప్పినట్టు నిలబడ్డ నెట్టు, నిజంగా వేసవి గాలి తగలగానే తడిసిన కోడిలా వాలిపోయింది. ఫెబీ లోపల గట్టి పట్టీ ఒకటి రహస్యంగా కుట్టి నిలబెట్టింది. ఆ పట్టీ సంగతి కూడా రిపోర్టులో రాయాలన్నప్పుడు, కాసేపు తటపటాయించి, "రాసుకో" అంది.

పెళ్లి గిద్దలూరు చర్చిలో జరిగింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్లు మూసుకున్నారు. ఫెబీ మూసుకోలేదు. కృప పూలగుత్తి పట్టుకున్న చేతుల కింద, చంక ముందు వైపు, ఎడమ, కుడి, మళ్లీ ఎడమ చూసింది. గుడ్డ నిలిచిన నీళ్లలా నున్నగా ఉంది. ఆమెన్ అన్నాక కరుణాకరం చెవి దగ్గర, "దేవుడు చూసినాడులే నిన్ను" అన్నాడు.

పెళ్లయిన వారానికి ఫెబీ పైకి వెళ్లి, గౌను కటింగు కంప్యూటర్లోంచి తీసేయమంది. సంధ్య ఆమె ఎదుటే తీసేసింది. తెర మీది గుర్తు మాయమైంది.

"తీసేసినావని నాకెట్ల తెలస్తది?"

సంధ్య చాలా రకాలుగా చెప్పబోయి, ఆగిపోయి, "తెలవదక్కా" అంది. "నామాటే ఇంక."

ఆ తెలవదు అన్న మాట ఫెబీకి నచ్చింది. ఆ గౌన్ల వ్యాపారి ఎన్నడూ అనని మాట అది. "సరే" అంది.

కంపెనీవాళ్లు ఆ ప్రోగ్రాం తీసుకున్నారు. రిపోర్టు చదివిన సారు ఒకాయన, ఆ టైలరమ్మ మా బొమ్మలన్నీ ఒకసారి చూస్తుందా అని అడిగాడట. మొదట ఫెబీ ఇందులో ఏదో తిరకాసు ఉందనుకుంది. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, చూసి చెబితే తన మాటలు ఎక్కడికి పోతాయని వారం రోజులు ఆరా తీసింది. ఆ తర్వాత శనివారం మధ్యాహ్నాలు దుకాణం మూసి పైకి వెళ్లడం మొదలుపెట్టింది. తన స్టూలు తనే మోసుకుపోయేది, చక్రాల కుర్చీ మీద నమ్మకం లేక.

మొదటి శనివారం సంధ్య ఒక చుడీదారు బొమ్మ చూపించింది. పచ్చటి చున్నీ వెనక్కి ఎగురుతోంది. అంచు కుట్టులో దారం కూడా లెక్కపెట్టొచ్చు. వెలుగు చున్నీ గుండా దూరి బుగ్గ మీద పచ్చగా పడుతోంది. అందరికీ నచ్చిందనీ, రేపు పంపించేయాలనీ సంధ్య అంది. ఫెబీ కళ్లద్దాలు పెట్టుకుని, తల ఇటు వంచి, అటు వంచి చూసింది.

"ఈ గాలి యాడనించి వస్తంది పాపా?"

"వెనక నించి... కాదు, ముందు నించి అక్కా. ఎందుకు?"

"చున్నీకే వచ్చిందా గాలి? ఆ పిల్ల జడకు రాలా, చుడీదారు అంచుకు రాలా."

సంధ్య తెరకు దగ్గరగా జరిగింది.